మినిట్సు పుస్తకంలో ఒక వాక్యం

1

ఈ వ్యాసానికి మూలం ఒక వాక్యం. అది ఏ గ్రంథంలోనిదీ కాదు. కళింగపట్నంలో మేము ఆదివారాలు కూడుకునే ఒక చిన్న సంఘం మినిట్సు పుస్తకంలోది. రాసింది నేనే. క్రిస్మసు ప్రేమవిందుకు వంట ఏర్పాట్లు గత సంవత్సరం వలెనే జరుగునట్లు తీర్మానించడమైనది. ఇంతే ఆ వాక్యం. అందులో అక్షరదోషం లేదు, అన్వయదోషం లేదు, ఎవరి మీదా నింద లేదు.

ఆ రోజు జరిగింది వేరు. రెల్లివీధి నుంచి వచ్చే ఒకావిడ, పంచాయతీలో ఊడ్పు పని చేసే మనిషి, ఈ ఏడు విందుకు వంట తాను చేస్తానని లేచి చెప్పింది. బియ్యం కూడా తానే ఇస్తానంది. కమిటీలో ఎవరూ కాదనలేదు. ఒకరు దగ్గారు. ఒకరు కట్టెల సంగతి ఎత్తారు. ఇంకొకరు, పాపం పెద్దావిడకు శ్రమ ఎందుకు అన్నారు. తరవాత అందరూ నా వైపు చూశారు. నేను తెలుగు మేష్టర్ని. ఇరుకున పడ్డ మాటకు మర్యాదైన రూపం ఇవ్వడం నా వృత్తి. కలం తీసి ఆ వాక్యం రాశాను.

మేము మాలలం. మా ముత్తాతల నాడు ఊరి బావి మాది కాదు, ఊరి బడి మాది కాదు. ఆ అవమానం గురించి నేను సభల్లో మాట్లాడాను, ఇలాంటి పత్రికల్లో రాశాను. గుర్రం జాషువాను తరగతిలో చెప్పేటప్పుడు గొంతు వణికిన రోజులున్నాయి. అలాంటివాణ్ణి, నా కింద మెట్టు మీద ఉన్న మనిషి వండిన అన్నం దగ్గరకొచ్చేసరికి కలం చాటున దాక్కున్నాను. ఇది ఎలా సాధ్యమైంది? నా ఒక్కడి మనోదౌర్బల్యమని సరిపెట్టుకుంటే ప్రశ్న ముగిసిపోతుంది. అలా ముగియకూడదనే దీన్ని చరిత్రలో పెట్టి చూడదలచాను. ఎందుకంటే ఇలాంటి వాక్యాలు రాసినవాళ్లలో నేను మొదటివాణ్ణి కాను.

2

తెలుగుదేశంలో ప్రొటెస్టెంటు మతప్రచారం మొదలైంది మన తీరంలోనే. లండను మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజిస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సహాయంతో సువార్తలను తెలుగు చేశారు. అవి 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అప్పటికి ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయారు. అనువాదంలో పాలుపంచుకున్న తెలుగు మనిషి పేరు మన సాహిత్య చరిత్ర పాఠాల్లో ఎంతమందికి తెలుసు?

ఆ తరవాతి తరంలో మన ప్రాంతపు మనిషి పురుషోత్తమ చౌదరి (1803-1890). పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన వంగ బ్రాహ్మణ కుటుంబంవాడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. తెలుగు క్రైస్తవులు ఈనాటికీ పాడుకునే కీర్తనల్లో ఎన్నో ఆయనవే. నేను ఎం.ఏ. చదివిన రెండేళ్లలో తరగతి గదిలో ఆయన పేరు ఒక్కసారి వినలేదు. ఆదివారం నాడు మాత్రం, చదువురాని మా అమ్మమ్మ నోట, ఆయన పాటలు వరసగా విన్నాను. ఆయన కీర్తనలతో ఆగలేదు. 'కులాచార పరీక్ష' అనే రచన కూడా చేశాడు. ఆ పేరును ఒకసారి ఆగి చూడండి. కులాన్ని పరీక్షకు నిలబెడుతున్నవాడు కులం అగ్రభాగంలో పుట్టినవాడు. తన పుట్టుక తనకు ఇచ్చిన దాన్నే నిందితుడి బోనులో నిలబెట్టాడు.

అదే కాలంలో దక్షిణాన తంజావూరులో ఇంకొక క్రైస్తవ కవి ఉన్నాడు. వేదనాయగ శాస్త్రి (1774-1864). తమిళంలో గొప్ప భక్తి కవి. చర్చిలో కులభేదాలు ఉండకూడదని కొత్త మిషనరీలు పట్టుబట్టినప్పుడు, వెళ్లాళ క్రైస్తవుల పక్షాన నిలిచి కులాచారాన్ని సమర్థిస్తూ రాసినవాడాయన. ఇద్దరిదీ ఒకే క్రీస్తు, ఇంచుమించు ఒకే కాలం, ఒకే మద్రాసు రాజధాని. విశ్వాసం ఒకటే అయినంత మాత్రాన కులం విషయంలో దారి ఒకటి కాదని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు. మతం మారితే మనిషి మారతాడనే భక్తుడి నమ్మకమూ, మతం మారినా ఏమీ మారదనే నాస్తికుడి తీర్పూ, రెండూ ఇక్కడ నిలవవు.

చౌదరి బాప్తిస్మం పొందిన ఆ 1833లోనే కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ తన ఆధీనంలోని సంఘాలకు ఒక లేఖ పంపాడు. చర్చిలో కులభేదాన్ని తక్షణం, పూర్తిగా విడిచిపెట్టాలని అందులో ఆదేశించాడు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం మరింత ముందుకు పోయి కులం గురించి ఒక తీర్మానం చేసింది. కులం విడిచినట్టు రుజువు చూపనివాణ్ణి సంఘంలో చేర్చుకోకూడదు. ఆ రుజువు ఏమిటి? అంటరానివారు వండిన అన్నం తినడం. ఇంచుమించు అన్ని ప్రొటెస్టెంటు మిషన్లూ దీనికి ఒప్పుకున్నాయి. లైప్‌జిగ్ లూథరన్లు మాత్రం బలవంతం కూడదని విడిగా నిలిచారు.

గమనించండి. నూటడెబ్బయి యేళ్ల కిందటే వాళ్లు కులం ఆయువుపట్టు పట్టుకున్నారు. అది నమ్మకంలో లేదు, వంటపొయ్యి దగ్గర ఉంది. ప్రేమవిందు అనే మాటకు అసలు అర్థం అదే. ఆ విందు వంటనే నేను 'గత సంవత్సరం వలెనే' అని దాటేశాను.

3

అయితే ఆ తీర్మానం చేసినవారి చేతులు శుభ్రంగా ఉన్నాయా అన్నది రెండో ప్రశ్న. పంచముడు వండింది తినమని వెళ్లాళుడికి చెప్పిన దొర, తన బంగళా బల్ల దగ్గర ఆ వెళ్లాళుణ్ణయినా కూర్చోబెట్టాడా?

ఈ ప్రశ్నను దొరల ముఖం మీదే అడిగినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళ నాడార్ల బిడ్డ, తెలుగునేల మీద దోర్నకల్లులో పనిచేయడానికి వచ్చినవాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, మీరు మాకు ఎన్నో త్యాగాలు చేశారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, కాని స్నేహం ఇవ్వలేదు అనే అర్థం వచ్చేటట్టు చెప్పాడు. సభలో అలజడి రేగింది. దానం చేసే చెయ్యి పైన ఉంటుంది. స్నేహం చేసే చెయ్యి పక్కన ఉండాలి. ఆ పక్కకు రావడం తెల్లవారికి కష్టమైంది. రెండేళ్లకు, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అదే దోర్నకల్లుకు ఆయన అభిషిక్తుడయ్యాడు. అప్పుడు కూడా ఒక భారతీయుడి కింద తెల్ల మిషనరీలు పనిచేయడమేమిటనే గొణుగుడు ఆగలేదు.

జాతి అహంకారం, కుల అహంకారం ఒకటేనా అని విద్యార్థులు అడుగుతుంటారు. పుట్టుక వేరు, సిద్ధాంతం వేరు. ఒకదానికి చర్మం రంగు ఆధారం, రెండోదానికి శాస్త్రం, వృత్తి, పెళ్లి. పనిచేసే తీరు మాత్రం తోబుట్టువులది. రెండూ ముందు భోజనం దగ్గర, తరవాత పెళ్లి దగ్గర, చివరకు శ్మశానం దగ్గర పట్టుబడతాయి.

దీనికి ప్రపంచ చరిత్రలో ఒక నిదర్శనం ఉంది. అది కూడా ఒక మినిట్సు పుస్తకంలోనిదే. 1857లో దక్షిణాఫ్రికా కేప్ కాలనీలో డచ్చి రిఫార్ముడు సంఘపు మహాసభ జరిగింది. నల్లవారితో కలిసి ప్రభువు బల్లలో పాల్గొనడానికి కొందరు తెల్లవారు ఇష్టపడలేదు. అందరూ కలిసి ఆరాధించడమే లేఖనాలకు తగినదని సభ ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, కొందరి బలహీనత దృష్ట్యా విడివిడిగా జరుపుకోవచ్చునని సడలింపు ఇచ్చింది. ఎంత మృదువైన మాట! ద్వేషం అన్న పదం లేదు, బలహీనత అన్నారు. ఆ సడలింపు ఆచారమైంది. 1881 నాటికి విడి సంఘమైంది. 1948 తరవాత ఒక రాజ్యపు చట్టాలకు, అపార్థీడ్‌కు, వేదాంతపు దన్నయింది. దాన్ని మతద్రోహమని ప్రకటించడానికి 1982 దాకా పట్టింది. ఆ ఏడు బెల్‌హార్ విశ్వాస ప్రకటనను సిద్ధం చేసింది కూడా, 1881లో వేరుచేసిన ఆ రంగుజాతి సంఘమే. బయటికి నెట్టబడినవారే బల్లను నిలబెట్టారు.

ఆ దేశం మనకు పరాయిది కాదు. 1860 నుంచి నేటాలు చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా పోయినవారిలో మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. వారికోసం 1903లో నెల్లూరు వైపు తెలుగు బాప్తిస్టులు తమ చందాలతో జాన్ రంగయ్యను నేటాలుకు పంపారు. అంటరానివారని ఊరి బయట పెట్టినవారు కూడబెట్టిన కానుకలతో, సముద్రం అవతలి కూలీలకు బోధకుడు వెళ్లాడు. వలసపాలనలోని క్రైస్తవ చరిత్ర అంటే దొరల చరిత్ర మాత్రమే అనుకునేవారు ఈ ఘట్టాన్ని చదవాలి.

అంత దూరం కూడా అక్కర్లేదు. మా కళింగపట్నం రేవు నుంచి స్టీమర్ల మీద రంగూను పోయిన తరాలున్నాయి. మా ముత్తాత అలా పోయినవాడే. అక్కడ తెలుగు కూలీలను, ఏ ఊరివారైనా, ఏ కులంవారైనా, కోరంగి రేవు పేరు మీద కొరంగీలు అనేవారు. అది పేరు కాదు, తిట్టు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మావారిని పనిలో పెట్టారు. సమ్మె ముగిశాక వారిని తీసేశారు. రెండు పేదజాతుల మధ్య అగ్గి రాజుకుంది, చాలామంది భారతీయ కూలీలు హతులయ్యారు. కూలీ రేటు తగ్గించడానికి జాతిద్వేషం ఎంత చవకైన సాధనమో అక్కడ తేలింది. రంగూనులో కాపు, మాల, రెల్లి అందరూ ఒకే తిట్టు తిన్నారు. తిరిగి వచ్చి వంశధార దాటగానే ఎవరి వీధికి వారు పోయారు. తిన్న తిట్టు మనిషికి ఎందుకు పాఠం కాలేదు? ఊళ్లో భూమి, బావి, పని, పెళ్లి పాత పునాది మీదే ఉన్నాయి గనుక. అనుభవం ఒక్కటే చైతన్యం కాదు.

4

కోస్తా సంఘాల సామాజిక నిర్మాణం కూడా ఈ పునాది మీదే చూడాలి. ఒంగోలులో అమెరికను బాప్తిస్టు జాన్ క్లౌ 1866లో పని మొదలుపెట్టినప్పుడు ముందు పై కులాలవారే దగ్గరగా వచ్చారు. ఇంతలో తోళ్ల వ్యాపారం చేసే మాదిగ యెర్రగుంట్ల పేరయ్య తన వారిని వెంటబెట్టుకు వచ్చాడు. వీరిని చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు తేల్చిచెప్పారు. క్లౌ దంపతులు పేరయ్య పక్షాన నిలిచారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని క్లౌ వేలమందికి కూలి చూపించాడు. కరువు గట్టెక్కే దాకా బాప్తిస్మాలు ఇవ్వలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటి కోసం మారారని తేలిగ్గా అనేవారు, కరువు కూలి ముగిశాక వచ్చిన ఆ జనసందోహానికి కారణం చెప్పాలి. కూడుతో పాటు ఇంకొకటి దొరికింది. పేరు పెట్టి పిలిచే మనిషి దొరికాడు.

మన ఉత్తర కోస్తాకు వచ్చిన కెనడా బాప్తిస్టు మిషను కథ మొదలు కూడా ఇలాంటిదే. టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగం వదిలి కాకినాడలో ప్రచారం ప్రారంభించిన థామస్ గాబ్రియేల్ మాల కుటుంబంలో పుట్టినవాడు. ఆయన పిలుపు మీదే 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ వచ్చాడు. మరుసటి యేడు కెనడా తూర్పు తీరపు బాప్తిస్టులు భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి వైపు కదిలారు. బడులు, ఆసుపత్రులు వచ్చాయి. అక్షరం మా పేటకు నడిచి వచ్చింది. ఆ ఋణం నేను కాదనను. నా ఎం.ఏ. పట్టాకు వేరు అక్కడ ఉంది.

కాని ఆ వేరు పక్కనే ఇంకొకటి పెరిగింది. పేటలు పేటలుగా మతంలోకి వచ్చినవారు పేటలు పేటలుగానే సంఘాలయ్యారు. గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్తిస్టుల్లో మాదిగలు ఎక్కువ. కథోలికుల్లో రెడ్లు, కమ్మలు కూడా ఉన్నారు. బల్ల ఒకటే, బల్లకు చుట్టూ కూర్చునే వరసలు వేరు. మున్సిపాలిటీలు పారిశుధ్యపు పనికి దింపిన రెల్లివారు మా ప్రాంతంలో ఈ వరసల చివర మిగిలారు. 2016లో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య, సంఘం లోపల కులవివక్ష ఉన్నదని ఒప్పుకుంటూ అది ఘోరమైన సామాజిక పాపమని రాతపూర్వకంగా చెప్పింది. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంతోని, దళితుల నుంచి వచ్చిన మొదటి కార్డినల్ అయ్యాడు. ఇవి చిన్నవి కావు. కాని రోముకు పోయే దారి కంటె మా వీధి నుంచి రెల్లివీధికి పోయే దారి పొడుగ్గా ఉందని నా అనుభవం.

రాజ్యం కూడా తన వంతు చేసింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులాల నుంచి తొలగించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించినా క్రైస్తవ దళితులకు ఇవ్వలేదు. మతం మారితే కులం పోతుందని ఢిల్లీ కాగితం అంటుంది. పోలేదని మా మినిట్సు పుస్తకం అంటుంది. కాగితం అబద్ధమని మేము ఊరేగింపుల్లో అరుస్తాం. మినిట్సు పుస్తకం సంగతి మాత్రం ఎత్తం. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో మడ్డువలస ముంపు భూముల తగాదాలో అయిదుగురు దళితులు హతులైనప్పుడు మేమంతా రోడ్డెక్కాం. ఎక్కవలసిందే. అయితే పైవాడి గొడ్డలి ముందు ఏకమైన మేము, ఉపవర్గీకరణ మాట వచ్చేసరికి చీలిపోయాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో రెల్లి, ఉపకులాలకు ఒక శాతం విడిగా కేటాయించారు. ఆ ఒక్క శాతం మీద మా వాళ్లలో కొందరు విసిరిన మాటలు వింటే, ఒకప్పుడు మా మీద పై కులాలవారు విసిరినవే గుర్తొచ్చాయి. అరువు తెచ్చుకున్నది వారి గొంతునే.

5

ఇక మన విమర్శకుల మాట. జాషువాను మనం సగమే చదివాం. తల్లి మాదిగ, తండ్రి యాదవుడు. ఊరు కులం పేరుతో అవమానించింది. పురాణాల మీద మక్కువ చూపాడని క్రైస్తవ సంఘం వెలివేసింది. 1941 నాటి 'గబ్బిలం'లో ఆయన కథానాయకుడు గుడిలోకి పోలేక, పోగలిగిన గబ్బిలం చేత కాశీవిశ్వేశ్వరుడికి తన గోడు పంపుకుంటాడు. క్రైస్తవ కవి శివుడికి ఎందుకు మొరపెట్టించాడు? హిందూ సమాజాన్ని దాని భాషలోనే నిలదీయడానికి అన్నది మనకు అలవాటైన జవాబు, నిజమైన జవాబే. ఇంకొకటి కూడా ఉందని నా ఊహ. చర్చి తలుపు ఆయనకు తెరిచే ఉంది. తెరిచిన తలుపు లోపల మనిషిని ఎక్కడ కూర్చోబెడతారో ఆయనకు తెలుసు. మూసిన తలుపును ప్రశ్నించడం తేలిక. తెరిచిన తలుపు వెనక ఉన్న దూరాన్ని ప్రశ్నించడం కష్టం. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మనం 'గబ్బిలం' గురించి వందల వ్యాసాలు రాశాం, 'క్రీస్తు చరిత్ర'ను మతగ్రంథమని పక్కన పెట్టాం. ఆ కవి విశ్వాసంలోని పోరాటాన్ని మనం చూడలేదు.

మా పక్క జిల్లా గురజాడ 'లవణరాజు కల'లో రాజు కలలో అంటరాని బతుకు బతికి వస్తాడు. మేలుకున్నాక రాజు పాత రాజు కాలేడు. మన సాహిత్యం చాలాకాలం ఈ కలనే కంటోంది. పైవాడు కిందివాడి బతుకు ఊహించడం. కిందివాడు తనకంటె కిందివాడి బతుకును ఊహించే కల ఇంకా తగినంతగా రాలేదు. అంతరాల నిచ్చెన గురించి అంబేద్కర్ చెప్పింది అదే కదా. ప్రతి మెట్టుకూ కాలు పెట్టడానికి ఇంకొక మెట్టు దొరికినంత కాలం నిచ్చెన విరగదు.

6

గలతీయులకు పౌలు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఒక ఘట్టముంది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేస్తుండేవాడు. యెరూషలేము నుంచి కొందరు పెద్దమనుషులు వచ్చేసరికి భయపడి పంక్తి నుంచి తప్పుకున్నాడు. పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లో విన్న కథ. అందులో నేను పేతురునని తెలిసింది, ఆ వాక్యం రాసిన తరవాత. పేతురు దుర్మార్గుడు కాడు. దర్శనం చూసినవాడు, కొర్నేలీ ఇంట భోంచేసినవాడు. సిద్ధాంతం తెలిసినవాడే భయపడ్డాడు. చూసే నలుగురి కోసం లేచిపోయాడు.

మరుసటి యేడు కమిటీలో ఆ పాత తీర్మానం నేనే పైకి చదివి, దాని అర్థం ఏమిటో విప్పి చెప్పాను. పాత మినిట్సు కొట్టివేయడానికి వీల్లేదన్నారు. నిజమే, కొట్టివేయకూడదు కూడా, ఉండాలి. దాని కింద కొత్త తీర్మానం రాశాం. విందు వంట ఇళ్ల వరసన వంతులవారీగా జరగాలి, ఏ ఇల్లూ వదలకూడదు. రెల్లివీధి వంతు వచ్చిన రోజున మూడు కుటుంబాలు బంధువులొచ్చారని రాలేదు. నేను తిన్నాను. మొదటి ముద్ద దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ సంగతి దాచడం అబద్ధమవుతుంది. ముప్పయ్యేళ్లు చదివిన పుస్తకాలు ఆ క్షణాన్ని తీసివేయలేదు. దాన్ని గుర్తుపట్టగలిగే చూపు మాత్రం ఇచ్చాయి.

విందయ్యాక ఆవిడ దగ్గరకు పోయి క్షమించమన్నాను. గిన్నెలు సర్దుతూ ఆవిడ అంది: "నన్ను వొండనియ్యలేదని అప్పుడే తెల్సు మేస్టారూ. అది మీరు రాసేరని తెలీదు."

ఆ మాట మీద నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. ఆవిడ దృష్టిలో వెలి పెద్ద వింత కాదు, దాన్ని రాసిపెట్టే చెయ్యి ఉండడమే వింత. ఆ చెయ్యి మనది. 1850 తీర్మానం రాసిన చెయ్యీ, 1857 సడలింపు రాసిన చెయ్యీ, పురుషోత్తమ చౌదరి 'కులాచార పరీక్ష' రాసిన చెయ్యీ చదువుకున్నవాడి చేతులే. మృదువైన వాక్యం వెనక ఎవరి ఆకలి, ఎవరి అవమానం ఉందో వెతకడం విమర్శకుడి పని అని మనం ఇతరుల రచనల విషయంలో నమ్ముతాం. మన సంఘాల మినిట్సు పుస్తకాలు, మన సన్మానపత్రాలు, మన పెళ్లి శుభలేఖలు కూడా రచనలే. వాటిని అదే కంటితో చదవవలసి ఉంది. మొదట సొంత చేతిరాతతో ఉన్నవాటిని.